పిలిస్తే పలకని తలుపు

నిజాంపేట, హైదరాబాద్
ఆదివారం సాయంత్రం

ప్రియమైన మీకు,

ఇక్కడ రెండు రోజులుగా ముసురు పట్టింది. బాల్కనీలో బట్టలు ఆరక హాల్లో తీగలు కట్టి వేశాను. ఆ తడి బట్టల వాసన మధ్యే కూర్చుని మీకు రాస్తున్నాను.

నాన్న గొంతు ఉన్న పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కించిన సంగతి కిందటి ఉత్తరంలో రాశాను కదా. "అవన్నీ ఎక్కడ దాచారు? ఊళ్ళో ఉన్న అమ్మగారు ఎలా వింటున్నారు?" అని మీరు అనుకునే ఉంటారు. రెండు ముక్కల్లో చెప్పి ఊరుకునే సంగతి కాదది. అందుకే ఈసారి ఉత్తరమంతా దాని గురించే.

మా టీవీ బల్ల కింది అరలో ఒక చిన్న పెట్టె ఉంది. పోపుల డబ్బా కంటే చిన్నదే. ఎవరో ఆఫీసువాళ్ళు పాతవి అమ్మేస్తుంటే కొన్న మినీ కంప్యూటర్. దానికి స్క్రీను లేదు, కీబోర్డు లేదు. ఒక కరెంటు తీగ, ఒక నెట్ తీగ, ముందువైపు మిణుగురంత నీలం దీపం, అంతే. లోపల డెబియన్ లినక్స్ నడుస్తుంది. ఫోటోలకు ఇమ్మిచ్, పాటలకూ వీడియోలకూ జెల్లీఫిన్, కాగితాలకు పేపర్‌లెస్ పెట్టుకున్నాను. మూడూ ఉచితంగా దొరికేవే. మా ఇంట్లోవాళ్ళ ముప్ఫై ఏళ్ళ ఫోటోలు, పొలం పాసుపుస్తకం స్కాన్లు, అమ్మ గుండె డాక్టరు రిపోర్టులు, వరికోతలప్పుడు గట్టుమీద కూర్చుని నాన్న చెప్పిన కబుర్లు, అన్నీ అందులోనే ఉన్నాయి.

"పెద్ద కంపెనీలు చోటిస్తుంటే ఇంట్లో ఈ బరువెందుకండీ?" అంటారేమో. అద్దింట్లో హాయిగా బతికేవాళ్ళు బోలెడుమంది, తప్పేం లేదు. మిగతావి ఎక్కడున్నా నాకు పట్టింపు లేదు కానీ, నాన్న గొంతు మాత్రం నా కప్పు కిందే ఉండాలనిపించింది. ఎందుకని అడిగితే నా దగ్గర లెక్కలతో కూడిన జవాబు లేదు. మీకు అర్థమవుతుందని మాత్రం తెలుసు.

చిక్కల్లా ఎక్కడ వచ్చిందంటే, పెట్టె నిజాంపేటలో ఉంది. అమ్మ అమలాపురంలో, తమ్ముడు టెక్సస్‌లో. ఇంటి వైఫైలో ఉన్నంతసేపు అన్నీ చక్కగా పనిచేస్తాయి. వీధి మలుపు తిరిగితే చాలు, పెట్టె కనబడదు. దాన్ని బయటినుంచి అందుకోవడానికి నేను మొదట చేసిన పని తప్పు. ఆ తప్పు మీరు చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

రౌటర్లో పోర్ట్ ఫార్వార్డింగ్ అని ఒక ఏర్పాటు ఉంటుంది. "బయటినుంచి ఫలానా నంబరు తలుపు తట్టినవాళ్ళను ఆ పెట్టె దగ్గరికి పంపు" అని రౌటర్‌కు చెప్పడం అన్నమాట. నాన్న కబుర్ల కోసం 8096, పెట్టెను దూరంనుంచి సర్దుకోవడానికి 22 తెరిచాను. పనిచేయలేదు. రెండు రాత్రులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది, అసలు మా ఇంటికి సొంత చిరునామాయే లేదని. పాత పద్ధతి ఐపీ చిరునామాలు మొత్తం కలిపి 429 కోట్లు. లోకంలో ఉన్న ఫోన్లకూ టీవీలకూ కంప్యూటర్లకూ అవి ఏ మూలకు? అందుకని నెట్ ఇచ్చేవాళ్ళు ఒక్క చిరునామా వెనక ఎన్నో ఇళ్ళను ఉంచుతారు. దాన్ని సీజీనాట్ అంటారు. లోపలినుంచి బయటికి వెళ్ళడానికి ఇబ్బంది లేదు. బయటినుంచి ఎవరైనా వస్తే, అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఫ్లాటు నంబరు తెలియని చుట్టంలా నిలబడిపోవాల్సిందే. మీ ఇంటి సంగతి చూసుకోవాలంటే రౌటర్ పేజీలో వాన్ ఐపీ అన్నచోట చూడండి. అది 100.64 నుంచి 100.127 దాకా ఉన్న అంకెలతో మొదలైతే మీరూ ఆ గేటు వెనకే ఉన్నట్టు. ఆ అంకెల వరసను 2012లో ఈ పని కోసమే కేటాయించారు.

నెలకింతని కట్టి సొంత చిరునామా తీసుకున్నాను. ఆ రాత్రి పోర్టులు తెరుచుకున్నాయి. అమ్మకు ఫోన్ చేసి లింకు నొక్కమన్నాను. అవతల కొంచెంసేపు నిశ్శబ్దం. తరవాత, క్యాసెట్ చప్పుడు మీదుగా నాన్న గొంతు, "ఈ యేడు గాలివాన రాకపోతే చాలు" అంటూ. అమ్మ ఏమీ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆ రాత్రి ఎంత నిశ్చింతగా పడుకున్నానో.

పొద్దున్నే కాఫీ పట్టుకుని పెట్టె రాసుకున్న చిట్టా తెరిచాను. ఎవరు తలుపు తట్టినా తారీకు, టైము, పేరుతో సహా అందులో పడుతుంది. రాత్రికి రాత్రి వేల వరసలు. "రూట్ పాస్‌వర్డ్ తప్పు", "రూట్ పాస్‌వర్డ్ తప్పు", "అడ్మిన్ అనే మనిషి లేడు", "ఒరాకిల్ అనే మనిషి లేడు", "టెస్ట్", "ఉబుంటు", "పై"... ఒక వరసకూ ఇంకో వరసకూ మధ్య మూడు నాలుగు సెకన్లు. కాఫీ తాగాలనిపించలేదు. అమ్మ ఫోనులో నాన్న గొంతు వింటున్న వేళకే ఎవరో మా ఇంటి గడియ కదిపి చూస్తున్నారు. మా ఊళ్ళో దొంగలు పడ్డ రోజు పొద్దున పెరట్లో కనబడ్డ కాలిముద్రలు గుర్తొచ్చాయి. వాళ్ళు లోపలికి రాలేదు. వచ్చి చూసి వెళ్ళారు. నాకప్పుడు పదేళ్ళు, వారం రోజులు నిద్ర పట్టలేదు.

"మీరెవరో వాళ్ళకెలా తెలిసింది?" అని మీరు అడుగుతారు. తెలియక్కర్లేదండీ. నా మీద పగతో చేసేది కాదది. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు జెడ్‌మ్యాప్ అనే పనిముట్టు చేశారు. మంచి నెట్ ఉన్న ఒక్క కంప్యూటర్‌తో ఆ 429 కోట్ల చిరునామాలనూ ముప్పావుగంటలోపే తట్టి రావచ్చని చూపించారు. అంతకుముందే 2009లో జాన్ మాథర్లీ అనే ఆయన షోడాన్ అని ఒకటి మొదలుపెట్టారు. ఎక్కడ ఏ కెమెరా, ఏ రౌటర్, ఏ పెట్టె తలుపు తీసి ఉందో వెతికిపెట్టేది అది. వాళ్ళు చేసింది పరిశోధన కోసమే. కానీ అదే పనిని చెడ్డ బుద్ధితో చేసే యంత్రాలు రాత్రింబవళ్ళు తిరుగుతూనే ఉంటాయి. నిజాంపేటలో మధ్యతరగతి ఇల్లు కదా, ఇందులో ఏముందని ఎవరొస్తారు అన్న ధైర్యం అక్కడ చెల్లదు. వాళ్ళు ఇంటిని చూడరు, తలుపు తీసి ఉందా లేదా అన్నదే చూస్తారు.

"గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుంటే సరిపోదా?" నేనూ మొదట అలాగే అనుకున్నాను. తాళం ఎంత గట్టిదైనా తలుపు చెక్కకే పుచ్చు పట్టి ఉంటే? లాస్ట్‌పాస్ అనే సంస్థ ఉంది కదా, లక్షలమంది పాస్‌వర్డ్‌లు దాచిపెట్టేది. 2022లో దాన్ని కొల్లగొట్టినవాళ్ళు ఒక ఉద్యోగి ఇంటి కంప్యూటర్ మీదుగా వచ్చారు. ఆ కంప్యూటర్లో సినిమాలూ పాటలూ దాచుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది, మన జెల్లీఫిన్ బాపతుదే. అందులోని లోపాన్ని దాని తయారీదార్లు 2020లోనే సరిచేశారు. ఆ ఉద్యోగి కొత్త వెర్షన్ వేసుకోలేదు. అంతటి సంస్థలో పనిచేసే మనిషికే అలా జరిగిందంటే, వంటా ఆఫీసూ చూసుకుంటూ మధ్యలో పెట్టె సర్దుకునే నాలాంటిదాని సంగతేమిటి? చదివిన రోజే రెండు పోర్టులూ మూసేశాను. అమ్మ వారం రోజులు ఏమీ వినలేదు. "ఏమైందే?" అని అడగనూ లేదు. అది నాకు ఇంకా కష్టంగా అనిపించింది.

ఆ వారంలో వెతికి పట్టుకున్నదే వైర్‌గార్డ్, మన ఫోనుకూ పెట్టెకూ మధ్య రహస్య దారి వేసే సాఫ్ట్‌వేర్. జేసన్ డోనెన్‌ఫెల్డ్ అనే ఆయన రాసింది. 2020 మార్చిలో లినక్స్ కెర్నెల్ 5.6లో చేరిపోయింది. ఇటువంటి పనే చేసే పాతవాటిలో లక్షల వరసల కోడ్ ఉంటే, ఇది దాదాపు 4,000 వరసలే. ఒక మనిషి కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదవగలిగినంత చిన్నది. లినక్స్‌ను సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ అంత తేలిగ్గా ఎవరినీ మెచ్చుకోరని పేరు. ఆయన కూడా 2018లోనే దీన్ని మనసారా మెచ్చుకున్నారు.

నాకు మాత్రం దానిలో నచ్చింది ఒక్క గుణం. అది పిలిస్తే పలకదు. రౌటర్లో 51820 అనే ఒకే ఒక్క తలుపు పెడతాం. దాన్ని తెలియనివాళ్ళు తడితే "ఎవరు?" అనదు, "లేరు, పొండి" అనదు, "తాళం తప్పు" అని కూడా అనదు. అసలక్కడ తలుపున్నట్టే తెలియదు. తాళంచెవి ఉన్నవాళ్ళు వస్తేనే జవాబిస్తుంది. మామూలు తలుపుకీ దీనికీ ఉన్న తేడా నాకు ఆ చిట్టాలో కళ్ళకు కట్టింది. వైర్‌గార్డ్ పెట్టిన మర్నాడు పొద్దున తెరిచి చూస్తే పేజీ ఖాళీ. మర్నాడూ ఖాళీ. అంత హాయైన ఖాళీ పేజీని నేనెప్పుడూ చూడలేదు.

తాళంచెవి అన్నానే, అది నిజంగా ఎలా ఉంటుందో చెప్తాను. 44 అక్షరాల వరస, చివర ఒక ఈక్వల్ గుర్తు. ఒక్కో ఫోనుకు అలాంటివి రెండు. ఒకటి రహస్యం, అది ఆ ఫోనులోనే ఉండాలి. రెండోది ఊరందరికీ చూపించినా ఫరవాలేదు, దాన్ని పెట్టెలో రాసుకుంటాం. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతేనే తలుపు తెరుచుకుంటుంది. ఊహించి కొట్టడానికి ఇక్కడ పాస్‌వర్డే లేదు.

సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మ ఫోనులో పెట్టాను. అరుగు మీద కూర్చున్నాం. నా ల్యాప్‌టాప్‌లో నలుపు తెలుపు గళ్ళ క్యూఆర్ కోడ్ తెరిచాను. "కూరగాయల బండి దగ్గర ఉంటుందే, అదేనా?" అంది అమ్మ. అలాంటిదేనమ్మా, కాకపోతే డబ్బు పోదు, ఇల్లు తెరుచుకుంటుంది అన్నాను. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, రెండు చేతులతో ఫోను పట్టుకుని, ఊపిరి బిగబట్టి స్కాన్ చేసింది. ఫోను నెత్తిన, గడియారం పక్కన, చిన్న తాళంచెవి బొమ్మ వెలిగింది. "తాళంచెవి వచ్చిందే అమ్మాయ్!" అని కేక వేసింది. ఇప్పటికీ నెట్ తేడా చేస్తే నాకు ఫోన్ చేసి చెప్పే మొదటి మాట అదే, తాళంచెవి ఉందో లేదో. ల్యాప్‌టాప్‌లో ఆ కోడ్ ఉన్న ఫైలును అక్కడికక్కడే చెరిపేశాను. మీరు చేసేటప్పుడూ ఆ పని మరిచిపోకండి. ఆ బొమ్మను ఎవరికీ వాట్సాప్‌లో పంపకండి. అది బొమ్మ కాదు, చెవి.

ఇంకో చిన్న సంగతి. అమ్మ ఫోను సెట్టింగుల్లో అలౌడ్ ఐపీస్ అన్నచోట నా పెట్టె చిరునామా ఒక్కటే రాశాను. అందువల్ల నాన్న కబుర్లు మాత్రమే మా ఇంటిమీదుగా వెళ్తాయి. అమ్మ యూట్యూబ్‌లో వినే సుప్రభాతాలు ఎప్పటిలా తిన్నగా వెళ్తాయి. ఇది చూసుకోకపోతే ఆవిడ నెట్ అంతా నిజాంపేట చుట్టి వచ్చేది.

"మాకు సొంత చిరునామా ఇవ్వరండీ, నెలనెలా డబ్బు కట్టలేం" అంటారా? అప్పుడు టెయిల్‌స్కేల్ చూడండి. 2019లో కెనడాలో మొదలైంది. అదీ లోపల వైర్‌గార్డే. రెండు వైపులా ఉన్న పరికరాలకు ఒకదాని జాడ ఒకదానికి చెప్పి కలుపుతుంది. తిన్నగా కలపలేని చోట మధ్యలో మోసుకెళ్తుంది, కానీ మూట విప్పి చూడలేదు. ఇంటివాళ్ళకు ఉచిత పథకమే సరిపోతుంది. సీజీనాట్ వెనకున్నా పనిచేస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ టనెల్ అని ఇంకొకటి ఉంది, అదీ మంచి పనిముట్టే. అయితే మూటను వాళ్ళ దగ్గర విప్పి మళ్ళీ కట్టి పంపుతారు. నలుగురూ చూడాల్సిన పేజీ అయితే ఫరవాలేదు. అమ్మ రిపోర్టులకు నేనైతే దాన్ని వాడను.

మీలో తెలిసినవాళ్ళు మరో ప్రశ్న వేస్తారు. "లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ ఉచితమే కదా, హెచ్‌టీటీపీఎస్ తాళం బొమ్మ వస్తే చాలదా?" ఆ తాళం దారిలో ఎవరూ చూడకుండా కాపాడుతుంది, అది ఉండాల్సిందే. కానీ తలుపు ఎవరు తడుతున్నారన్నది దానికి పట్టదు. పైగా, ఏ పేరుకు సర్టిఫికెట్ తీసుకున్నా ఆ పేరు బహిరంగ చిట్టాకు ఎక్కుతుంది. "ఫోటోస్" అని ముందు పెట్టి సర్టిఫికెట్ తీసుకుంటే, ఫలానా చోట ఫోటోల పెట్టె ఉందని మనమే చాటింపు వేసినట్టు. దాని బదులు నక్షత్రం గుర్తుతో అన్ని పేర్లకూ కలిపి తీసుకునే వైల్డ్‌కార్డ్ సర్టిఫికెట్ మేలు.

మా పిన్ని కొడుకు పెళ్ళి ఫోటోల కోసం చుట్టాలందరూ లింకు అడిగారు. ఇవ్వలేదు. కాస్త నిష్ఠూరపడ్డారు కూడా. పెళ్ళి ఆల్బం ఒక్కటీ విడిగా తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి పంపాను. నలభైమంది కోసం వీధి తలుపు తీసి ఉంచితే, ఆ తలుపులోంచి వచ్చేది ఆ నలభైమందే కాదు కదా.

ఇక కిందటి నెల జరిగింది చెప్పాలి. కంటి పరీక్షకని అమ్మ రాజమండ్రి బయల్దేరింది. రావులపాలెంలో బస్సు మారేటప్పుడు చేతిసంచిలో ఫోను లేదు. పక్కనున్న ఎవరో అమ్మాయి ఫోనునుంచి నాకు చేసింది. గొంతు వణుకుతోంది. "ఫోను పోతే పోయింది, మీ నాన్న కూడా పోతారేమోనే" అంది. ఆ మాట రాస్తుంటే ఇప్పుడూ నా చెయ్యి ఆగింది.

ఆఫీసు మెట్లమీద కూర్చుని నా ఫోనులో వైర్‌గార్డ్ వెలిగించి పెట్టెలోకి వెళ్ళాను. అక్కడ వైర్‌గార్డ్ ఫైలులో మా ముగ్గురి ఫోన్లకూ మా పేర్లతో మూడు పేరాలున్నాయి. "అమ్మ" అని రాసి ఉన్న పేరా చెరిపేశాను. ఇమ్మిచ్‌లో, జెల్లీఫిన్‌లో ఆవిడ ఫోనుకున్న లాగిన్లు తీసేశాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ ఫోను దొరికినవాడి దగ్గర ఇప్పుడున్న చెవికి లోకంలో ఏ తలుపూ లేదు. ఒకే పాస్‌వర్డ్ అందరికీ ఇచ్చి ఉంటే, ఆ రోజు అందరివీ మార్చుకుంటూ కూర్చోవాల్సొచ్చేది. అందుకే ఒక్కో మనిషికి కూడా కాదు, ఒక్కో ఫోనుకు ఒక్కో చెవి. పేరు తెలుగులో రాసుకోండి. కంగారులో ఎవరిదో వెతుక్కునే పని ఉండదు.

మిగతా జాగ్రత్తలు మీకు తెలిసినవే కాబట్టి గబగబా చెప్పేస్తాను. రౌటర్‌తో వచ్చిన పాస్‌వర్డ్ మార్చండి. అందులో యూపీఎన్‌పీ అన్నది ఆపేయండి, అది మనకు చెప్పకుండానే తలుపులు తీస్తుంది. లోపలి గదులకూ తాళాలుండాలి, వీలున్నచోట పాస్‌వర్డ్‌కు తోడు 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్ పెట్టండి. నేను ప్రతి రెండో శనివారం పప్పు కుక్కర్లో పెట్టి, అది ఉడికేలోపు అప్‌డేట్లు చేస్తాను. కరెంటు పోయి వస్తే పెట్టె తనంతట తానే లేచేలా బయోస్‌లో ఒక మీట ఉంటుంది, అది వేసి ఉంచండి. అన్నిటికంటే ముఖ్యం, అన్నిటికీ ఇంకో ప్రతి ఉండాలి. నా హార్డ్‌డిస్క్ ఒకటి అమలాపురంలో అమ్మ బీరువాలో పట్టుచీరల మధ్య ఉంది. ఇంకో ప్రతి, రెస్టిక్ అనే పనిముట్టుతో తాళం వేయించుకుని, తమ్ముడి ఇంటికి రాత్రుళ్ళు వెళ్తుంటుంది. ఆర్నెల్లకోసారి అందులోంచి నాన్న క్యాసెట్ ఒకటి వెనక్కి తెచ్చి, మొదటినుంచి చివరిదాకా వింటాను. పాడవలేదని తేల్చుకోవడానికి అంత వినక్కర్లేదని నాకు తెలుసు.

మీ ఇంట్లో ఏమున్నాయి? అమ్మమ్మ పాడిన మంగళహారతులా, తాతయ్య ఉత్తరాలా? వాటిని ఎక్కడ దాచారు, దూరాన ఉన్నవాళ్ళకు ఎలా చేరుస్తున్నారు? తీరిక చేసుకుని రాయండి. పోర్టులు తెరిచి ఉంచినవాళ్ళు మాత్రం ముందు వెళ్ళి మూసి, తరవాత రాయండి.

అమ్మకు కొత్త ఫోను వచ్చింది. వీడియో కాల్‌లో స్క్రీను చూపించుకుంటూ వైర్‌గార్డ్ సర్దాం. తాళంచెవి మళ్ళీ వచ్చింది. నిన్న రాత్రి తమ్ముడి కూతురు ఫోన్ చేసింది. దానికి పదకొండేళ్ళు. వాళ్ళ నాన్న ఫోనులో తాతయ్య కబుర్లు విన్నదట. "అత్తా, మదుం అంటే ఏమిటి? తాతయ్య మదుం దగ్గర పాము అంటున్నారు, తరవాత ఏమైందో వినేలోపు డాడీ ఫోను తీసేసుకున్నారు" అని ఒకటే గోల. దాని ట్యాబ్‌లో కూడా పెట్టాలట. వాళ్ళకు పొద్దు పొడిచాక కూర్చోబెట్టి, దాని పేరుతో నాలుగో పేరా రాయాలి.

ఉంటాను మరి,
మీ స్నేహితురాలు

తా.క. మదుం అంటే కాలవలోంచి చేలోకి నీళ్ళు వదిలే తూము. పాము సంగతి నేను చెప్పను, అది తాతయ్య నోటే వినాలి.